వందకు నాలుగు రోజులు

పెట్రోలు ధర మీద నేను ఏడేళ్ళు పరిశోధన చేశాను. ఆ ఏడేళ్ళలో నా స్కూటరు పెట్రోలు లేక ఎన్నిసార్లు దారిలో ఆగిపోయిందో లెక్క లేదు. ఈ రెండు సంగతులకూ ఏమైనా చుట్టరికం ఉందేమో చూద్దామన్న బుద్ధి మాత్రం చివరిదాకా పుట్టలేదు. చదువుకున్నవాణ్ణి కదా, దూరంగా ఉన్నవే బాగా కనిపించేవి.

స్కూటరు మా హాస్టల్లో ఉండే సీనియర్ ఒకాయనది. డాక్టరేటు చేతికి రాగానే ఆయన గదీ, మంచమూ, చలికాలం దుప్పటీ నాకు ఊరికే వదిలేసి, స్కూటరు మాత్రం డబ్బులకు అమ్మాడు. దాని పెట్రోలు ముల్లు ఎప్పుడో చచ్చిపోయి సరిగ్గా సగం గీత దగ్గర నిలబడి ఉంది. ట్యాంకు నిండినా సగమే, ఎండినా సగమే. ఇదేందన్నా అంటే ఆయన నవ్వాడు.

"ముల్లును నమ్మకు తమ్మి, రోజులను నమ్ము. వంద రూపాయలది పోయిస్తే నాలుగు రోజులు నడుస్తది. ఐదో రోజు బంకుకు పో. గంతే," అని తాళంచెవి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆ మాటను గురువు చెవిలో ఊదిన మంత్రంలా పట్టుకున్నాను.

అసలు మా వైపు, అంటే క్యాంపస్‌లోనూ తార్నాకలోనూ, బంకుకు పోయి లీటర్లలో అడిగే మనిషిని నేను చూడలేదు. "వంద కొట్టు" అంటారు, "రెండొందలు కొట్టు" అంటారు, జీతం పడ్డ రోజయితే ఛాతీ విరుచుకుని "ఫుల్ చెయ్యి" అంటారు. ఎవరైనా లీటరు పొయ్యమంటే సీసా ఏదని చూస్తారు. నేను మొదటిసారి వంద పోయించుకున్నప్పుడు లీటరు డెబ్బై చిల్లర. తర్వాత అది ఎనభై దాటింది, తొంభై దాటింది. వంద దాటిన రోజు ఆ వార్తను శ్రద్ధగా కత్తిరించి ఫైల్లో అంటించుకున్నాను. అంటించాక స్కూటరేసుకుని తార్నాక బంకుకు పోయి ఎప్పటిలాగే వంద పోయించుకుని వచ్చాను.

నా సిద్ధాంత గ్రంథం పేరు ఇంగ్లీషులో రెండు లైన్లుంటుంది. తెలుగులో చెప్పాలంటే, పెట్రోలు ధర ఎందుకు పెరుగుతుంది, తగ్గాల్సినప్పుడు ఎందుకు తగ్గదు, అని. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ముడిచమురు మనం ఎక్కువగా బయటి దేశాల నుంచి కొంటాం. అక్కడ ఎవరైనా కొట్టుకుంటే ఇక్కడ ధర పెరుగుతుంది. కొనేది డాలర్లలో కాబట్టి ఎవరూ కొట్టుకోకపోయినా రూపాయి నీరసపడితే చాలు, అప్పుడూ పెరుగుతుంది. ఆ పైన శుద్ధి ఖర్చు, లారీ ఖర్చు, కేంద్రం పన్ను, రాష్ట్రం పన్ను, బంకు ఓనరు కమీషను. ముడిచమురు ధర పడిపోయినప్పుడు మనకూ తగ్గాలి కదా అంటే, ఆ తగ్గిన సందులోకి పన్ను వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. ఎన్నికలు దగ్గర పడితే ధర మౌనవ్రతం పడుతుంది. ఓట్లు పడ్డాక నోరు తెరుస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ముగింపు దగ్గర వచ్చేది. ధర రోజూ పొద్దున ఆరింటికి మారుతుంది కనక జనం మెల్లగా అలవాటు పడతారని ఒక ముగింపు రాశాను. రాసి బైండింగుకు ఇద్దామనేలోగా ధర మారడం ఆగిపోయింది. లాక్‌డౌన్‌లో రోడ్లు ఖాళీ అయిపోయి ముడిచమురు పాతాళానికి పడిపోతే, ఇక మనకూ తగ్గుతుందని ధైర్యంగా రాశాను. పన్ను పెరిగింది. ఎక్కడో యుద్ధం మొదలైతే రేపే ఎగురుతుందని రాశాను. ఎన్నికలు పూర్తయ్యేదాకా అది కదల్లేదు. సరే, ఇక కదలదు అని కొట్టేసి రాసేసరికి ఎగిరింది. నా కోసమే ఎక్కడో ఒక మనిషిని కూర్చోబెట్టి, నేను ఏం రాస్తే దానికి ఎదురు చేయిస్తున్నారని కొన్నాళ్ళు నిజంగా నమ్మాను.

మా గైడు మేడం కోస్తా నుంచి వచ్చి విద్యానగర్‌లో స్థిరపడిన మనిషి. కోపం తెలియదు. ప్రతిసారీ నా కాగితాలు ఓపిగ్గా తిరగేసి, కళ్ళజోడు తీసి, "నాన్నా, ఆ ముగింపు పీకేసి మళ్ళీ రాసుకురా," అనేది. అలా నాలుగు ముగింపులు పీకాను.

ఊళ్ళో మా అమ్మ పరిస్థితి వేరు. మా ఊరు జనగామ దగ్గర. అమ్మ వారానికి మూడు రోజులు కూరగాయల గంపతో షేరు ఆటో ఎక్కి జనగామ పోయి అమ్ముకుని వస్తుంది. కొడుకు పెట్రోలు మీద చదువుతున్నాడని ఆమెకు తెలుసు. చదువంటే ఏదో ఒకటి బాగుచెయ్యడానికే అని కూడా ఆమెకు తెలుసు. డాక్టరు చదువు జ్వరం తగ్గించడానికైతే, నా చదువు పెట్రోలు తగ్గించడానికి. ఇందులో అనుమానం ఏముంది? ప్రతి ఆదివారం ఫోన్ చేసేది.

"అయిందా బిడ్డా?"

"ఇంక కాలేదమ్మా."

"జర జల్ది కానియ్. గా ఆటో ఆయన రోజు అడుగుతున్నడు, నీ కొడుకు సదువు ఎప్పుడైతదని."

ఆటో ఆయనకు నా మీద ఎంత అభిమానమో అనుకునేవాణ్ణి. ముఖమైనా సరిగ్గా తెలియని మనిషి నా చదువు గురించి రోజూ అడుగుతున్నాడంటే గుండె తడిసేది. హాస్టల్లో ఒకరిద్దరికి చెప్పుకున్నాను కూడా.

చివరికి అయిదో ముగింపుతో థీసిస్ ఇచ్చేశాను. అది వేరే ఊరి పరీక్షకుడి దగ్గరికి పోయి మూడు నెలల తర్వాత సవరణలు చెయ్యమని తిరిగొచ్చింది. ఆయన ఎక్కువేమీ రాయలేదు. మూడో అధ్యాయం పక్కన ఖాళీలో పెన్సిలుతో ఒకటే మాట: "ఇందులో పెట్రోలు కొనుక్కునే మనిషి ఎక్కడా కనబడడం లేదు." నాకు ఒళ్ళు మండిపోయింది. రోషంతో నలభై పేజీల సమీకరణాలు అదనంగా చేర్చి పంపాను. అందులో కొనుక్కునే మనిషికి ఒక గ్రీకు అక్షరం ఇచ్చాను. ఆయన ఏమనుకున్నాడో ఏమో, ఈసారి వైవాకు ఒప్పుకున్నాడు.

వైవాలో ఆయన సరే అంటే నేను డాక్టర్ని. మళ్ళీ రాయమంటే మాత్రం రాయడానికి గడువు లేదు. మూడు పొడిగింపులూ వాడేసుకున్నాను, నాలుగోది నిబంధనల్లో లేదు. ఏడేళ్ళు బూడిదలో పోసిన పన్నీరు అవుతాయి. గది ఖాళీ చేసి, గంపెడు కాగితాలతో ఊరికి పోయి, అమ్మకు ఏమని చెప్పాలి? ఆ నెలంతా నాకు అన్నం సహించలేదు.

ఆ దిగులు చాలదన్నట్టు స్కూటరు ఒకటి మునుపటికంటే ఎక్కువగా ఏడిపించడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు నడవాల్సింది మూడో రోజే ఆగిపోతోంది. మైలేజీ పడిపోయిందని నాకు అర్థమైపోయింది. ముషీరాబాద్‌లో ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకుపోయాను. మేమంతా చాచా అని పిలుస్తాం. నా స్కూటరు పుట్టినప్పటి నుంచి దానికి వైద్యం చేస్తున్న మనిషి. మొదటిసారి ప్లగ్గు మార్చాడు. రెండోసారి కార్బొరేటరు విప్పి కడిగాడు. మూడోసారి పోయేసరికి బండి చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"బండి మంచిగనే ఉన్నది సార్. దీనికి బీమారీ లేదు. నువ్వు పోసేదే తక్కువున్నది."

"ఏడేండ్ల సంది గంతే పోస్తున్న చాచా. వంద."

"గదే చెప్తున్న."

నాకు కోపం వచ్చింది. పని చేతకాక నా మీద పెడుతున్నాడనుకున్నాను. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట అని పక్కనున్న కుర్రాళ్ళకు వినబడేలా అన్నాను కూడా. చాచా నన్ను కాసేపు జాలిగా చూసి, సరే నీ ఖుషీ అని, ఉన్న కార్బొరేటరు తీసేసి కొత్తది బిగించాడు. ఇక నాలుగు రోజులు ఢోకా లేదని నేను తృప్తిగా వచ్చేశాను. అది వైవాకు వారం ముందు.

తార్నాక బంకులో పోసే అక్క సంగతి కూడా చెప్పాలి. మాణికేశ్వర్ నగర్‌లో ఉంటుంది. చీర మీద బంకు చొక్కా వేసుకుని, నా స్కూటరు దూరంగా కనబడగానే మీటరు మీద వంద నొక్కేసి పెట్టేది. "జీరో చూడు తమ్మి," అనేది. చూసేవాణ్ణి. జీరో ఎప్పుడూ జీరోయే ఉండేది. జీరో తర్వాత లీటర్ల గడిలో ఏ అంకె దగ్గర ఆగుతుందో మాత్రం ఏ రోజూ చూడలేదు, ఎందుకంటే పక్క గడిలో వంద దగ్గర ఆగుతుందని ముందే తెలుసు. ఒకసారి ఆమె నా చదువు గురించి అడిగింది. చెప్పాను.

"పెట్రోల్ మీదనా? మరి నన్నేమన్న అడుగుతవా? పన్నెండేండ్ల సంది పోస్తున్న."

"వద్దక్కా. మాకు డేటా పైనుంచి వస్తది," అన్నాను. అంత పొగరుగా అన్నానని ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

వైవా రోజు రానే వచ్చింది. పరీక్షకుడు ముందు రోజే వచ్చి తార్నాకలో వాళ్ళ చెల్లెలి ఇంట్లో దిగాడు. ఆయన్ని పదకొండింటికి డిపార్ట్‌మెంటుకు తీసుకొచ్చే పని మేడం నాకు అప్పగించింది. క్యాబు బుక్ చేశాను. డ్రైవరు ఫోన్ చేసి ఎక్కడ దించాలన్నాడు. యూనివర్సిటీ అన్నాను. "గంత దగ్గరికి గిట్టుబాటు కాదు సార్, పెట్రోల్ రేటు చూసిండ్రా," అని కట్ చేశాడు. రెండో అతను ఆ మాత్రం కూడా చెప్పకుండా కట్ చేశాడు. పదిన్నర అయింది. అపార్ట్‌మెంటు గేటు ముందు పరీక్షకుడు తెల్లచొక్కా, చేతిసంచీ, అందులో నా థీసిస్సుతో నిలబడి ఉన్నాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు.

"నీకు బండి ఉందా?" అని ఆయనే అడిగాడు.

ఉందన్నాను. పెట్రోలు పోయించింది మొన్న పొద్దున. అంటే ఇది మూడో రోజు. కొత్త కార్బొరేటరు ఉంది. మంత్రం ప్రకారం ఇంకా ఒక రోజంతా మిగిలే ఉంది. ధైర్యంగా ఎక్కించుకున్నాను.

చౌరస్తా దాటి యూనివర్సిటీ వైపు కాస్త దూరం పోయామో లేదో స్కూటరు రెండుసార్లు దగ్గింది. మూడోసారి దగ్గడానికి కూడా ఓపిక లేక ఆగిపోయింది. ముల్లు సగం దగ్గరే ఉంది. నేను దిగి, బండిని ఎడమకు వంచాను, కుడికి వంచాను, మూత తీసి లోపలికి ఊదాను. స్కూటరున్న ప్రతి మనిషీ నేర్చుకునే విద్యలే ఇవి. మూలనున్న నాలుగు చుక్కలు పైపులోకి వస్తాయని ఆశ. రాలేదు. పరీక్షకుడు పక్కన నిలబడి ఈ విద్యలన్నీ శ్రద్ధగా చూశాడు.

"పెట్రోలు అయిపోయినట్టుంది," అన్నాడు.

"అయ్యుండదు సార్. నాలుగు రోజులు రావాలి. మైలేజీ పడిపోతోంది. కార్బొరేటరు కూడా మార్పించాను."

"ఎంత పోయించావు?"

"వంద సార్."

"వందకు నాలుగు రోజులని ఎవరు చెప్పారు?"

"సీనియర్ చెప్పిండు సార్. నేను చేరిన ఏడాది."

ఆయన చేతిసంచీని భుజానికి వేసుకుని స్కూటరు వెనకాల చెయ్యి వేశాడు. వద్దు సార్ అన్నా వినలేదు. బండిని వెనక్కి తిప్పి, ఇద్దరం తార్నాక బంకు వైపు తోయడం మొదలుపెట్టాం. నా ఏడేళ్ళ చదువు చేతిలో ఉన్న మనిషి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోతోంది. బస్సుల్లో వాళ్ళు చూసుకుంటూ పోతున్నారు. సగం దూరం పోయాక ఆయన ఊపిరి తీసుకుంటూ మాట్లాడాడు.

"నువ్వు చేరినప్పుడు లీటరెంత?"

అది నాకు నోటికి వచ్చు. పైసలతో సహా చెప్పాను. ఆ నెల ముడిచమురు పీపా ఎన్ని డాలర్లో, డాలరుకు ఎన్ని రూపాయలో కూడా అడగకుండానే చెప్పాను.

"అప్పుడు వందకు ఎంత పెట్రోలు వచ్చేది?"

"లీటరూ పావు పైన సార్."

"ఇప్పుడు?"

నోరు తెరిచాను. లెక్క పెద్దదేమీ కాదు. లీటరు కంటే తక్కువ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి, అక్కడి నుంచి నా ముఖంలోకి చూసి, సిగ్గుపడి ఆగిపోయింది. ప్లగ్గు, కార్బొరేటరు కడగడం, కొత్త కార్బొరేటరు, చాచాను అన్న మాటలు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. పెట్రోలు ధర పెరిగిందని దేశంలో అందరికంటే ఆలస్యంగా తెలుసుకున్నది దాని మీద నాలుగొందల పేజీలు రాసిన నేనే. ఇక ఈయన నన్ను పాస్ చెయ్యడు అని ఖాయం చేసుకున్నాను.

బంకులో అక్క మమ్మల్ని చూసి మీటరు మీద వంద నొక్కేసింది.

"జీరో చూడు తమ్మి. ఈ పెద్దసార్ ఎవరు, తోపిస్తున్నవ్?"

"నా పరీక్ష సార్ అక్కా."

పరీక్షకుడు ముఖం తుడుచుకుని ఆమెను అడిగాడు. "అమ్మా, ధర పెరిగితే జనం తక్కువ పోయించుకుంటారా?"

"ఎందుకు తక్కువ పోయించుకుంటరు సార్? వంద పోయించేటోడు వందనే పోయిస్తడు. రెండొందలోడు రెండొందలే. గా బోర్డు మీది రేటు చూసేటోడు ఒక్కడు లేడు."

"మరి తేడా ఏం లేదా?"

"ఉన్నది కద. నాలుగు రోజులకొకసారి వచ్చేటోడు మూడు రోజులకే వస్తడు. వచ్చి, అక్కా బండికి మైలేజ్ వస్తలేదంటడు. కొందరు మా మీటర్ మీద పడ్తరు, తక్కువ పోస్తున్నవని. కొందరు మెకానిక్ మీద పడ్తరు." గొట్టం తీసి తగిలిస్తూ గడ్డంతో నన్ను చూపించింది. "గీ తమ్మి కూడ పోయిన వారం గట్లనే అన్నడు. కార్బొరేటర్ పోయిందట."

పరీక్షకుడు సంచీలోంచి నా థీసిస్సు తీశాడు. మూడో అధ్యాయం తెరిచాడు. తన పాత పెన్సిలు మాట కిందే ఇంకేదో రాసుకుని మూసేశాడు. ఏం రాశాడో అడిగే ధైర్యం నాకు లేదు. ఇద్దరం స్కూటరెక్కాం.

సెమినార్ హాలు నిండిపోయి ఉంది. బహిరంగ వైవా కాబట్టి ఎవరైనా రావచ్చు, సమోసాలుంటాయి కాబట్టి అందరూ వస్తారు. తెలుగు శాఖ వాళ్ళు, చరిత్ర శాఖ వాళ్ళు, ఎవరికి ఏ సంబంధమో తెలియని ఇద్దరు ముసలివాళ్ళు కూడా వచ్చారు. మేడం మా ఇద్దరి చొక్కాలు చూసి కంగారుపడి రెండు ఫ్యాన్లు మా వైపు తిప్పించింది. నేను ముప్పావుగంట సేపు తెర మీద గీతలు చూపించాను. ముడిచమురు గీత, రూపాయి గీత, పన్ను గీత. చివర అయిదో ముగింపు. కూర్చున్నాను.

పరీక్షకుడు లేచాడు. "నాకు ఒక్కటే ప్రశ్న ఉంది," అన్నాడు. "పెట్రోలు ధర పెరిగినప్పుడు కొనుక్కునే మనిషి మొట్టమొదట ఎవర్ని అనుమానిస్తాడు?"

నలభై పేజీల సమీకరణాల్లో దీనికి జవాబు లేదు. గ్రీకు అక్షరానికి అనుమానాలుండవు. సమోసాల వాసన వస్తోంది. అమ్మ గుర్తొచ్చింది. ఇక దాచుకునేదేముందని నిజం చెప్పేశాను.

"బండిని సార్."

హాలు గొల్లుమంది. పరీక్షకుడు మాత్రం నవ్వలేదు. తర్వాత? అన్నట్టు చెయ్యి ఊపాడు.

"తర్వాత మెకానిక్‌ను. ఆ తర్వాత బంకులో పోసేవాళ్ళను. ప్రతిసారీ పోయించుకునేది అంతే డబ్బుకు కాబట్టి తన ఖర్చు పెరగలేదనే అనుకుంటాడు. బోర్డు చూడడు. ముడిచమురునూ, డాలరునూ, పన్నునూ అనుమానించేసరికి ఏడేళ్ళు పడుతుంది సార్. అది కూడా ఎవరైనా తోపిస్తేనే."

మేడం ముందుకు వంగి, నెమ్మదిగా, "నాన్నా, ఇది నీ గ్రంథంలో ఏ పట్టికలో ఉంది?" అని అడిగింది.

"మెకానిక్ బిల్లుల్లో ఉంది మేడం."

అప్పుడు పరీక్షకుడు నవ్వాడు. నవ్వి, సంచీలోంచి థీసిస్సు తీసి మూడో అధ్యాయం తెరిచి నాకు చూపించాడు. "కొనుక్కునే మనిషి ఎక్కడా కనబడడం లేదు" అన్న మాట కింద ఇందాక బంకులో రాసుకున్నది ఉంది. "కనబడ్డాడు. నా ముందు స్కూటరు తోస్తున్నాడు." నేను ఇప్పుడు చెప్పిన జవాబును ఒక పేజీలో రాసి జతచేసి ఇవ్వమన్నాడు. రిపోర్టు మీద అర్హుడు అని సంతకం పెట్టాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, తను కూడా కారులో ఎప్పుడూ వెయ్యి రూపాయలదే పోయిస్తాడనీ, పోయిన నెలే ఇంజను విప్పించాడనీ, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దనీ అన్నాడు. పేరు చెప్పడం లేదు కాబట్టి మాట తప్పినట్టు కాదు.

మధ్యాహ్నం మిగిలిన సమోసాలు రెండు పొట్లాలు కట్టుకుని బయల్దేరాను. ఒకటి బంకులో అక్కకు ఇచ్చాను. "పాసయినవా? మరి నన్ను అడుగుమంటే అడగకపోతివి," అంది కానీ వెంటనే ఒకటి నోట్లో వేసుకుంది. రెండో పొట్లం ముషీరాబాద్‌లో చాచాకు. తప్పయిపోయింది చాచా అన్నాను. ఆయన సమోసా విరిచి, వేడి లేదని చూసి, "కొత్త కార్బొరేటర్ వాపస్ తీస్కోను సార్," అన్నాడు.

సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. ఆదివారం కాదు కాబట్టి ఆమె భయపడుతూ ఎత్తింది.

"అమ్మా, అయింది."

"ఏమైంది బిడ్డా?"

"సదువైపోయింది. డాక్టర్నయిన."

అమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఏడేళ్ళు ఆమె గంప మోసింది, నేను ముగింపులు పీకాను.

"మరి రేపటి సంది తగ్గుతదా?" అంది.

"ఏంది?"

"పెట్రోల్."

ఇక అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "తగ్గదమ్మా. తగ్గిచ్చుడు నా చేతుల లేదు. ఎందుకు పెరుగుతదో చెప్పుడే నా పని."

"ఎందుకు పెరుగుతదో చెప్పనీకి ఏడేండ్లా?" ఆమె గొంతులో కోపం లేదు, వేరే కంగారు ఉంది. "మరి గా ఆటో ఆయనకు ఏం చెప్పాలె ఇప్పుడు?"

"ఆయనకేంది?"

అప్పుడు బయటపడింది. నా కొడుకు పట్నంలో పెట్రోలు తగ్గించే చదువు చదువుతున్నాడు, అయిపోగానే తగ్గుతుంది, అందాకా నా దగ్గర అయిదు రూపాయలు తక్కువ తీసుకో అని అమ్మ నేను చేరిన ఏడాదే బేరం కుదుర్చుకుందట. ధర పెరిగినప్పుడల్లా అతను అందరికీ కిరాయి పెంచాడు, అమ్మకు మాత్రం అయిదు తక్కువ. ఏడేళ్ళుగా, వారానికి మూడు రోజులు, పోనూ రానూ. చదువు ఎప్పుడైతదని అతను రోజూ అడిగింది నా మీద అభిమానంతో కాదు.

"అమ్మా, ఆయనది డీజిల్ ఆటో," అన్నాను.

"ఏదైతేంది బిడ్డా, పెట్రోల్ తగ్గితే డీజిల్ తగ్గదని ఆయనకేం ఎరుక." తర్వాత గొంతు తగ్గించింది. "అయితే ఇంక కాలేదనే చెప్త తీయి. నువ్వు కూడ ఎవ్వలకు చెప్పకు."

నేను డాక్టర్ని కావాలని లోకంలో అందరికంటే ఎక్కువ కోరుకున్న మనిషి ఆమె. విన్న నిమిషంలోనే ఆ సంగతి దాచేసింది.

తర్వాతి నెల ఊరికి పోయినప్పుడు జనగామలో ఆ ఆటోనే ఎక్కాం. అమ్మ పక్కన కూర్చుంది, ఖాళీ గంప నా ఒళ్ళో ఉంది. అతను అమ్మ పక్కనున్న నన్ను అద్దంలోంచి చూసి గుర్తుపట్టి, "ఇంకెన్నేండ్లు పడతది సారూ?" అని అడిగాడు. అమ్మ నా మోకాలు మీద గట్టిగా గిల్లింది.

"ఇంకో రెండేండ్లు పడతది అన్నా," అన్నాను.

"కానియ్, మంచిగ చదువు," అన్నాడు. దిగేటప్పుడు నా దగ్గర కూడా అయిదు రూపాయలు తక్కువే తీసుకున్నాడు.